ట్రస్టు ఆసుపత్రి మొత్తం నన్నే చూసుకోమంటున్నారు, నర్సుగా ఒప్పుకోవచ్చా?

సిస్టర్_అనంత:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో హైవేకి దగ్గర్లో ఉన్న చిన్న టౌను. ఇక్కడి ట్రస్టు ఆసుపత్రిలో పనిచేస్తున్నా. యాభై పైచిలుకు పడకలు ఉంటాయి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి స్టాఫ్ నర్సుగా చేరాను, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేశాను, ఇప్పుడు నర్సింగ్ ఇన్‌ఛార్జిని. మాకు వచ్చేవి కాన్పులు, హైవే యాక్సిడెంట్లు, పాము కాట్లు, జ్వరాలు, షుగరు బీపీ ఓపీ. పెద్ద కేసులైతే అనంతపురమో కర్నూలో పంపిస్తాం, స్తోమత ఉన్నవాళ్ళు నేరుగా బెంగళూరు పోతారు.

మా పెద్ద డాక్టరు గారికి వయసు పైబడింది. ఓపీ చూస్తాను గానీ ఈ అడ్మినిస్ట్రేషన్ గోల ఇక నా వల్ల కాదన్నారు. దాంతో ట్రస్టు సెక్రటరీ గారు నన్ను పిలిచి "ఇన్నేళ్ళూ నడిపిందంతా నువ్వే కదమ్మా, ఇక పేరు కూడా నీదే పెడదాం" అన్నారు. పోస్టు పేరు అడ్మినిస్ట్రేటర్ అంట. ఇంట్లో చెబితే మా ఆయన "మంచిదే కదా" అని మళ్ళీ టీవీలో పడ్డాడు, మా అత్తమ్మ జీతం ఎంత పెంచుతారని అడిగింది. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

డాక్టర్లు నా మాట వింటారా అన్నది మొదటి భయం. నిన్నటిదాకా "సిస్టర్, ఆ కేస్ షీట్ ఇలా ఇవ్వు" అన్నవాళ్ళకి రేపు నేను డ్యూటీ రోస్టర్ వేసి ఇవ్వాలి, సెలవు లేదని చెప్పాలి. లెక్కలు ఇంకో భయం. వార్డులో ఏ నెల ఎన్ని గ్లవ్స్ అయిపోతాయో కళ్ళు మూసుకుని చెబుతాను, బ్యాలెన్స్ షీట్ చేతికిస్తే మాత్రం ఏ గడి చూడాలో తెలియదు. అసలు చట్టప్రకారం నర్సు ఒక ఆసుపత్రికి హెడ్‌గా ఉండొచ్చా? దీనికి ఎమ్మెస్సీ నర్సింగ్ చేయాలా, లేకపోతే ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో పీజీ) లాంటిదా? గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఎక్కడ చూసినా సూపరింటెండెంట్ కుర్చీలో డాక్టరే కదా. ఈ దారిలో నడిచినవాళ్ళు గానీ దగ్గర్నుంచి చూసినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. ధైర్యం చెప్పేవాళ్ళు చుట్టూ చాలామందే ఉన్నారు, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు కావాలి.

పెద్దాసుపత్రి_పాతసిస్టర్:

తల్లీ, నేను కర్నూల్లో సర్వీసు చేసి నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైర్ అయినదాన్ని. గవర్నమెంటు సంగతి ముందు తేల్చేస్తా. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్ 2, ఆ తర్వాత గ్రేడ్ 1. ఆసుపత్రి లోపల మనకున్న మెట్లు ఇవే. సీహెచ్‌సీ (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) అయినా పెద్దాసుపత్రి అయినా పై కుర్చీ డాక్టరుదే, రూలే అట్లా ఉంది, దాని గురించి బాధపడి లాభం లేదు. నీది ట్రస్టు ఆసుపత్రి కాబట్టి ఎవర్ని కూర్చోబెట్టాలో ట్రస్టు ఇష్టం. మన దారి తెరుచుకునేది ఇట్లాంటి చోట్లే.

ఇక అసలు మాట. సెక్రటరీ గారు నోటితో చెప్పినదానికి తల ఊపి కుర్చీలో కూర్చోవద్దు. "నువ్వే నడుపుతున్నావు కదమ్మా" అనే మాట నా సర్వీసులో ఎన్నోసార్లు విన్నా. ఆ మాట అనేది పని చేయించుకోవడానికి. అధికారం ఇవ్వాల్సొచ్చినప్పుడు ఎవరికీ అది గుర్తుండదు. డ్యూటీలు ఎవరు వేస్తారు, డాక్టర్ల సెలవు మీద సంతకం ఎవరిది, ఎంతవరకు నీ అంతట నువ్వు కొనొచ్చు, మనిషిని పనిలోకి తీసుకునేది తీసేసేది ఎవరు, ట్రస్టు మీటింగ్‌లో నీకు కుర్చీ ఉందా లేక టీ అయ్యాక పిలుస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి, దానికింద వాళ్ళ సంతకం ఉండాలి. కాగితం లేకపోతే బాధ్యత నీది, అధికారం వాళ్ళది. మందు అయిపోయినా నీదే తప్పు, జనరేటర్ ఆగినా నీదే తప్పు, కొనమంటే మాత్రం "చూద్దాంలే అమ్మా".

మనమంతా పరీక్షల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి రాసి పాసయ్యాం గానీ అందరికీ ఆ లాంతరే గుర్తు. క్రిమియా యుద్ధానికి పోకముందు, 1853లో, లండన్ హార్లీ స్ట్రీట్‌లో జబ్బుపడిన ఆడవాళ్ళ కోసం నడిపే చిన్న ఆసుపత్రికి ఆవిడ సూపరింటెండెంట్‌గా చేరింది. మీ ఆసుపత్రి కంటే చిన్నది. ప్రతి అంతస్తుకీ వేడినీళ్ళ పైపు కావాలంది, భోజనం పైకి పంపడానికి లిఫ్టు కావాలంది, పేషెంటు గంట కొడితే ఏ గదిలోంచి కొట్టారో నర్సుకి కనపడేట్టు ఉండాలంది. చూడు, మెట్లెక్కి దిగి కాళ్ళు నొప్పులు పుట్టినవాళ్ళకే ఇట్లాంటివి తడతాయి. క్యాథలిక్ పేషెంట్లను చేర్చుకునేది లేదని కమిటీ అంటే, అట్లయితే నాకు సెలవిప్పించండి అంది. యూదులతో సహా అన్ని మతాలవాళ్ళనీ చేర్చుకుంటామని నిబంధనల్లో అచ్చు వేయించింది. అచ్చు వేయించడం, అదీ ముఖ్యం. నోటిమాటతో సరిపెట్టుకోలేదు.

చదువు గురించి: ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే కాలేజీలో పాఠం చెప్పొచ్చు, పెద్ద ఆసుపత్రుల్లో నర్సింగ్ విభాగానికి పై పోస్టులు అడగొచ్చు. ఆసుపత్రి నడపడానికి అది నేరుగా పనికిరాదు. ఆ లెక్కల సంగతి నాకంటే వేరేవాళ్ళు బాగా చెబుతారు.

ప్రొద్దుటూరు_డాక్టరు:

నేను డాక్టర్నే, సర్జన్ని. ఈ ప్రశ్నకి డాక్టర్ల వైపు నుంచి ఎవరో ఒకరు జవాబివ్వాలి కదా.

ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా, మొదటి ఆర్నెల్లు కొందరు వినరు. వయసులో మీకంటే చిన్నవాళ్ళు ఇంకా వినరు, కొత్తగా పీజీ అయి వచ్చినవాడికి అహం కొంచెం ఎక్కువే ఉంటుంది (నాకూ ఉండేదిలెండి, అందరికీ ఉంటుంది). అయితే వినకపోవడంలో రెండు రకాలున్నాయి. "సార్, నైట్ డ్యూటీ ఈ వారం మీది" అంటే వినకపోవడం ఒకటి, అది క్రమశిక్షణ సమస్య. "సార్, ఈ కేసుకి సిజేరియన్ ఎందుకు, మామూలు కాన్పు అవుతుంది కదా" అని అడ్మినిస్ట్రేటర్ హోదాలో అడిగితే వినకపోవడం ఇంకోటి. అక్కడ డాక్టరుదే రైటు. వైద్యం మీద ప్రశ్న వైద్యుడే అడగాలి.

అందుకే మీ ట్రస్టుని ఒకటి అడగండి. ఉన్న డాక్టర్లలో ఒకర్ని మెడికల్ సూపరింటెండెంట్‌గా పెట్టమనండి. చికిత్సకి సంబంధించిన ఫిర్యాదు, మరణాల సమీక్ష, ఎంఎల్‌సీ కేసులు (పోలీసులకి చెప్పాల్సినవి), ఏ డాక్టరు ఏ ఆపరేషన్ చేయొచ్చు, ఇవన్నీ ఆయన చూస్తారు. డెత్ సర్టిఫికెట్ మీద సంతకం డాక్టరే పెట్టాలి, ఎలాగూ మీరు పెట్టలేరు. మందుల షాపుకి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి, స్కానింగ్ మిషన్ ఉంటే 1994 నాటి పీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనేది) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. వీటిలో ఎవరి పని వాళ్ళది. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలో 2002 చట్టం కింద డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఉంటుంది, అది రెన్యువల్ ఎప్పుడో చూసుకోండి. మిగతాదంతా, అంటే ఆసుపత్రిలో ముప్పావు వంతు, మీరు నడపొచ్చు.

నిజం చెప్పాలంటే మాకు బిజినెస్ మేనేజర్ల కంటే నర్సు అడ్మినిస్ట్రేటరే నయం. ఎందుకో చెబుతా. జూన్‌లో మీ జిల్లాలో వేరుశెనగ విత్తనం పడుతుంది, రైతులూ కూలీలూ చేలల్లో ఉంటారు, అప్పట్నుంచి కోతల దాకా పాము కాట్లు. ఒక కాటుకి మొదటి డోసే ఎనిమిది నుంచి పది వైల్స్ ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు). రాత్రి ఇద్దరు వచ్చారంటే ఇరవై వైల్స్ అయిపోయినట్టే, మూడోవాణ్ణి అంబులెన్స్ ఎక్కించాల్సిందే. ఇది ఎంబీఏ చేసినవాడికి చెబితే "సార్, పోయిన నెల ఎన్ని వాడారు?" అని ఏప్రిల్ లెక్క తీస్తాడు. మీకైతే చెప్పక్కర్లేదు, మే నెలలోనే ఇండెంట్ పెడతారు. కరెంటు మీద భరోసా లేని ఊరైతే ఫ్రిజ్ అవసరం లేని పొడి రకం తెప్పిస్తారు. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షకి శుభ్రమైన గాజు ట్యూబు కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు, ఆ ట్యూబులు ఎక్కడున్నాయో రాత్రి రెండింటికి తెలిసేది నర్సుకే.

ఒక చిన్న సలహా. రౌండ్స్‌లో ఫైళ్ళు పట్టుకుని మా వెనక నడిచే అలవాటు ఇక మానండి. రౌండ్స్‌కి రండి, పక్కన నడవండి, ఫైలు వార్డు సిస్టర్ పట్టుకుంటుంది.

సిస్టర్_అనంత:

డాక్టరు గారూ, చాలా థాంక్స్. పాతసిస్టర్ గారూ, మీరు చెప్పిన కాగితం మాట నాకు అస్సలు తట్టలేదు. సెక్రటరీ గారు మంచాయనే, కానీ "మనలో మనకి కాగితాలేంటమ్మా" అంటారేమో. ఆ మాట అంటే ఏం చెప్పాలి?

పెద్దాసుపత్రి_పాతసిస్టర్:

"సార్, మీరున్నన్నాళ్ళూ నాకు కాగితం అక్కర్లేదు, మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం" అను. ఆయన గౌరవం ఆయనకుంటుంది, నీ కాగితం నీకుంటుంది.

కడప_లెక్కలు:

మేడం, నేను కడప వైపు ఒక ఛారిటీ ఆసుపత్రిలో అకౌంట్స్ చూస్తాను. బ్యాలెన్స్ షీట్ గురించి భయపడకండి, అది ఏడాదికోసారి ఆడిటర్ తెస్తాడు, ఆడిటర్‌నే పక్కన కూర్చోబెట్టుకుని లైను లైను చెప్పించుకోండి, వాళ్ళు ఫీజు తీసుకునేదే అందుకు. మీకు రోజూ కావలసిన లెక్కలు వేరే ఉన్నాయి, వాటిలో సగం మీకు ఆల్రెడీ వచ్చు.

పడకల లెక్క తీసుకోండి. 50 పడకలంటే 30 రోజుల నెలకి 1,500 పడక రోజులు. రాత్రి పన్నెండు గంటల సెన్సస్ (ఆ వేళకి పడకల్లో ఎంతమంది ఉన్నారన్న లెక్క) మీరే రాస్తారు కదా, నెలంతా కూడితే 900 వచ్చిందనుకోండి, ఆక్యుపెన్సీ 60 శాతం. నెల ఖర్చు మొత్తాన్ని ఆ 900తో భాగిస్తే ఒక పేషెంటు ఒక రోజు ఉంటే మీకు ఎంత పడుతుందో దాదాపుగా తెలుస్తుంది. ఓపీ ఖర్చు ముందే విడిగా తీసేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ట్రస్టు మీటింగ్‌లో "జనరల్ వార్డు ఛార్జి ఇంకా తగ్గిద్దాం" అని ఎవరైనా దాతృత్వం చూపిస్తే, ఆ తేడా ఎవరు కడతారో అక్కడే అడగొచ్చు.

తర్వాత మనుషుల లెక్క. ఒక వార్డులో ఎప్పుడూ ఒక నర్సు ఉండాలంటే రోజుకి మూడు షిఫ్టులు, వారానికి 21. ఒకరు వారానికి ఆరు షిఫ్టులు చేస్తారు, అంటే మూడున్నర మంది. సెలవులకి ఇంకో 30 శాతం కలిపితే నాలుగున్నర. కాన్పు సెలవు ఇప్పుడు 26 వారాలు, నర్సుల్లో ఎక్కువమంది పెళ్ళయిన కొత్తలో ఉన్నవాళ్ళే, కాబట్టి ఐదుగురు అనుకోండి. చాలా ట్రస్టులు ఒక వార్డుకి ముగ్గుర్ని లెక్కేసి, "మరి డబుల్ డ్యూటీలు ఎందుకు పడుతున్నాయి" అని ఇన్‌ఛార్జిని తిడతాయి. మీరు ఆ తిట్లు తిన్నవాళ్ళే అయ్యుంటారు, ఇప్పుడు ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

జీతాల విషయం కూడా చూడండి. సుప్రీంకోర్టు చెప్పాక 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదని సిఫార్సు చేసింది, 50 దాటితే గవర్నమెంటు నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తక్కువ ఉండకూడదంది. సిఫార్సే, మన ఊళ్ళల్లో ఎంతమంది ఇస్తున్నారో మీకు తెలుసు. కానీ అడ్మినిస్ట్రేటర్ నర్సు అయినప్పుడు ఆ కాగితం బల్ల మీదికి రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది? పది మంది ఉంటే ఈఎస్‌ఐ (జీతం 21,000 లోపు వాళ్ళకి), ఇరవై మంది ఉంటే పీఎఫ్, అవి సరిగ్గా కడుతున్నారో లేదో చేరకముందే పాత చలాన్లు అడిగి చూడండి. పాత బాకీ మీ నెత్తిన పడకూడదు.

ఇక పథకం క్లెయిములు. మీ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) ఉందో లేదో రాయలేదు. ఉంటే, ఆ డబ్బులు నర్సింగ్ నోట్స్ మీద నడుస్తాయని గుర్తుంచుకోండి. మా దగ్గర ఒక తుంటి ఎముక ఆపరేషన్ ఫైలు తిరిగొచ్చింది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది, పేషెంటు నడిచి ఇంటికి పోయాడు. కానీ ఆపరేషన్ తర్వాత రెండో రోజు చార్టులో బీపీ, పల్స్ రాసి ఉన్నాయి గానీ టైం లేదు, సంతకం లేదు. ప్రశ్న వచ్చింది, జవాబు పెట్టాం, మళ్ళీ ప్రశ్న వచ్చింది. అప్పట్నుంచి మా ఇన్‌ఛార్జి సిస్టర్ డిశ్చార్జికి ముందు రోజే ఫైలు తెరిచి ఖాళీ గడులన్నీ పెన్సిల్‌తో చుట్టేస్తుంది. ఆవిడ జీతం కంటే ఆ పెన్సిల్ మాకు ఎక్కువ సంపాదించి పెట్టింది. క్లెయిము పెట్టిన నెలలోనే డబ్బు పడుతుందని మాత్రం బడ్జెట్ వేసుకోకండి, కనీసం మూడు నెలల జీతాలు బ్యాంకులో విడిగా ఉండేట్టు చూసుకోండి.

చదువంటారా, ఉద్యోగం చేస్తూ చదవాలంటే దూరవిద్యలో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చూడండి, ఢిల్లీలో ఎన్‌ఐహెచ్‌ఎఫ్‌డబ్ల్యూ అని కేంద్ర సంస్థ ఉంది, వాళ్ళ ప్రాస్పెక్టస్‌లో అర్హతలు చదువుకోండి. రెండేళ్ళు సెలవు దొరికితే ఎంహెచ్‌ఏ, హైదరాబాద్‌లో అపోలో వాళ్ళది ఉంది, ముంబయిలో టిస్ ఉంది. కానీ మొదట ఎక్సెల్ నేర్చుకోండి. నవ్వకండి, నిజంగానే.

ఆలూరు_సీహెచ్‌ఓ:

అక్కా, నేను ఆలూరు వైపు పల్లెలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌ఓని (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఎంఎల్‌హెచ్‌పీ అని కూడా అంటారు. బీఎస్సీ నర్సింగే నాది. మీ ఆసుపత్రితో పోలిస్తే మాది పక్షి గూడు, కానీ దానికి ఇన్‌ఛార్జిని నేనే. 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు, డాక్టరు కావాలంటే ఈ-సంజీవనిలో వీడియో కాల్. డాక్టరు లేని చోట నర్సుని కూర్చోబెట్టి నడిపించొచ్చని గవర్నమెంటే ఒప్పుకున్నట్టు కదా, పాతసిస్టర్ గారు మెట్లు చెప్పారు గానీ ఇదొకటి వదిలేశారు.

డాక్టర్లు వింటారా అని అందరూ మాట్లాడుతున్నారు. నాకు డాక్టర్లతో ఇబ్బంది రాలేదు. మా ఏఎన్‌ఎం అక్కతో వచ్చింది. నేను పుట్టకముందు నుంచి సర్వీసులో ఉంది ఆవిడ, ఊళ్ళో ప్రతి ఇంట్లో పిల్లలకి టీకా వేసింది ఆవిడే. నేను వెళ్ళి రిజిస్టర్ చూపించండి అంటే "నిన్నగాక మొన్న వచ్చి నాకే లెక్కలు అడుగుతావా పాపా" అంది. రిపోర్టు పంపాల్సింది నేను, యాప్‌లో ఎక్కించాల్సింది నేను, ఇంటింటికీ తిరిగిన వివరం మొత్తం ఆవిడ బుర్రలో. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం, పొద్దున ఫీల్డుకి పోయేముందు పావుగంట ముగ్గురం కూర్చుంటాం, నేనూ ఆవిడా ఆశా అక్కా. ఆ పావుగంట ఆవిడే చెబుతుంది, నేను రాసుకుంటా. ఎవరింట్లో నెలలు నిండాయి, ఎవరు షుగరు మాత్రలు మానేశారు, అన్నీ. పని ఆవిడ మాట మీద నడుస్తుంది, సంతకం నాది ఉంటుంది, ఇద్దరికీ గొడవ లేదు.

మీకూ ఇదే వస్తుంది చూడండి. నిన్నటిదాకా మీతో డబ్బా పంచుకుని అన్నం తిన్న సిస్టర్లు ఉంటారు కదా, రేపు వాళ్ళలో ఒకరికి మెమో ఇవ్వాల్సొస్తుంది. డాక్టరు అలిగితే ట్రస్టు చూసుకుంటుంది, సిస్టర్ అలిగితే మీరే చూసుకోవాలి. మీ పాత ఇన్‌ఛార్జి పోస్టులో ఎవర్ని కూర్చోబెడతారో అది ముందే తేల్చండి, రెండు కుర్చీలూ మీరే మోయొద్దు. ట్రస్టు వాళ్ళు జీతం మిగులుతుంది కదా అని అదే అంటారు.

తాడిపత్రి_టు_టెక్సాస్:

అక్కా, మాది తాడిపత్రి, ఇప్పుడు టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ హాస్పిటల్‌లో నర్సుని. మా సీఈఓ నర్సుగా మొదలైన ఆవిడే, ఇక్కడ అదేం వింత కాదు. అమెరికాలో ఆరు వేల పైచిలుకు ఆసుపత్రులుంటే ఐదు వేలకి పైగా కమ్యూనిటీ హాస్పిటల్స్ కిందికే వస్తాయి. మన సీహెచ్‌సీ అంటే 30 పడకలు, మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల జనాభాకి ఒకటి అని లెక్క, ఇక్కడ ఆ మాటకి పెద్దవీ చిన్నవీ అన్నీ వస్తాయి. పల్లెల్లో 25 పడకలు మించని క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్స్ అని 1997 చట్టంతో వచ్చినవి ఉన్నాయి, వాటికి ప్రభుత్వం డబ్బు లెక్కకట్టే పద్ధతే వేరు. చిన్న ఊళ్ళల్లో డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ మెల్లగా మొత్తం ఆసుపత్రి చేతిలోకి తీసుకోవడం కనిపిస్తూనే ఉంటుంది.

మామూలు దారి ఛార్జ్ నర్స్, తర్వాత యూనిట్ మేనేజర్, డైరెక్టర్, చీఫ్ నర్సింగ్ ఆఫీసర్, ఆ తర్వాత కొందరు ఆపరేషన్స్ వైపు పోయి సీఈఓ. మధ్యలో ఎక్కడో ఎంహెచ్‌ఏనో ఎంబీఏనో చేస్తారు, ఎక్కువమంది మేనేజర్ అయ్యాక ఉద్యోగం చేస్తూనే చేస్తారు. అంటే చదివి కుర్చీ ఎక్కడం కాదు, కుర్చీ ఎక్కి చదవడం. మీరు ముందు ఒప్పుకుని తర్వాత చదివినా ఏం తప్పులేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. ఇక్కడ సీఈఓ డాక్టర్ల వైద్యం జోలికి పోరు. డాక్టర్లందరికీ కలిపి మెడికల్ స్టాఫ్ అని ఒక సంఘం లాంటిది, దానికి రాతపూర్వక నిబంధనలు ఉంటాయి. ఏ డాక్టరు ఏ ప్రొసీజర్ చేయొచ్చో వాళ్ళ కమిటీ చూసి బోర్డుకి చెబుతుంది, బోర్డు ఓకే చేస్తుంది. ప్రొద్దుటూరు డాక్టరు గారు చెప్పింది దాదాపు ఇదే. దీనివల్ల మా సీఈఓకి డాక్టర్లతో తగువులు లేవని కాదు, ఉంటాయి, కానీ తగువు దేని గురించో ఇద్దరికీ తెలుసు. మన దగ్గర చిన్న ఆసుపత్రుల్లో ఇది రాసుకోరు, అందుకే ప్రతి గొడవా "నువ్వు ఎవరు నాకు చెప్పడానికి" దాకా పోతుంది.

ఇక్కడ అంతా బాగుందని మాత్రం అనుకోవద్దు. పల్లె ఆసుపత్రులు మూతపడుతున్నాయి, కాన్పుల వార్డులు తీసేస్తున్నారు, నర్సుగా వచ్చిన సీఈఓనే నర్సుల్ని తగ్గించాల్సిన రోజులూ చూశాం.

ప్రొద్దుటూరు_డాక్టరు:

టెక్సాస్ సిస్టర్ చెప్పిన నిబంధనల మాట బాగుంది. మన చోట పది పేజీలు అక్కర్లేదు, రెండు పేజీలు చాలు. కానీ ఆ రెండు పేజీలు మీరు రాసి డాక్టర్లకి ఇవ్వకండి, మీ పెద్ద డాక్టరు గారి చేత రాయించి మిగతావాళ్ళ సంతకాలు ఆయన్నే పెట్టించమనండి. ఆయన ఎలాగూ ఓపీకి వస్తున్నారు కదా. ఆయన నోటివెంట "ఇకమీదట రోస్టర్ సిస్టరే వేస్తుంది" అనే మాట అందరి ముందూ ఒకసారి వస్తే మీకు ఆర్నెల్ల పని తగ్గుతుంది.

సిస్టర్_అనంత:

అందరికీ పేరుపేరునా థాంక్స్. పెద్ద డాక్టరు గారిని కలిశాను, రాసిస్తానన్నారు, పైగా "నువ్వు అడుగుతావని చూస్తున్నా" అన్నారు. నా పాత పోస్టుకి ఇద్దరి పేర్లు అనుకున్నాను. ఈఎస్‌ఐ చలాన్లు అడిగితే అకౌంటెంట్ ముఖం మాడ్చుకుని ఇచ్చాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. శనివారం ట్రస్టు మీటింగ్. సెక్రటరీ గారు ఒక్క చోట ఆగిపోయారు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలంట, నాదీ ట్రెజరర్‌దీ. పదివేలు దాటిన ప్రతి కొనుగోలుకీ ముందు ట్రెజరర్ గారి అనుమతి అంట. ఆయనేమో ఎక్కువగా బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటారు. దీనికి ఒప్పుకోనా?

కడప_లెక్కలు:

చెక్కుకి ఇద్దరి సంతకాలు ఒప్పేసుకోండి మేడం, అది మీకే రక్షణ, రేపు ఒక రూపాయి తేడా వచ్చినా మీ ఒక్కరి మీదికే రాదు. బ్యాంకు వాళ్ళని అడిగితే ఆన్‌లైన్‌లోనూ ఒకరు పెట్టి ఇంకొకరు ఓకే చేసే ఏర్పాటు చేస్తారు, ఆయన బెంగళూరులో ఉన్నా ఫోన్‌లోనే అయిపోతుంది.

పదివేల లిమిట్ మాత్రం అట్లాగే ఒప్పుకోవద్దు. ఆక్సిజన్, రక్తం, ఏఎస్‌వీ, కాన్పుల వార్డు అత్యవసర మందులు, జనరేటర్ డీజిల్, ఈ ఐదూ లిమిట్‌లోకి రావని విడిగా రాయించండి. ముందు కొని 24 గంటల్లో బిల్లు వాట్సాప్‌లో పెడతానని మీరు రాసివ్వండి. మిగతా వాటికి ట్రెజరర్ రెండు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే సెక్రటరీ ఓకే చేయొచ్చని ఇంకో లైను.

పెద్దాసుపత్రి_పాతసిస్టర్:

ఆ ఐదింటికీ రెఫరల్ అంబులెన్స్ బాడుగ కూడా కలుపు. మీటింగ్ అయ్యాక మినిట్స్ బుక్కులో ఇదంతా ఎక్కిందో లేదో అక్కడే చదువు, సంతకాలు అయ్యాక ఆ పేజీలు జిరాక్స్ తీసుకునే బయటికి రా. జీతం మాట ఎక్కడా రాయలేదు నువ్వు, అది కూడా శనివారమే అడుగు, మీ అత్తమ్మ అడిగింది సరైన ప్రశ్నే.